ఆండాలు జాగా

తెల్లవారుతుంటే హుస్సేనీ ఆలం పూల వరుసలో గోనెలు పరిచేవారు. తోటల నుంచి వచ్చిన గంపలు దించి, మల్లెమొగ్గలు తడిగుడ్డలో చుట్టి, అరటినార చీల్చుకుంటూ ఒకరినొకరు తిట్టుకునేవారు. సాయంత్రానికి వాడినవి మూసీలో పారబోసి ఇంటికి పోయేవారు.

ఆ వరుసలో కూర్చోవాలంటే వరుసకు పెద్ద, చౌదరి వైకుంఠం ముందు ఒక దండ కట్టాలి. ఆయన దాన్ని గుంజకు వేలాడదీస్తాడు. మర్నాడు ముడి జారకుండా, పువ్వు రాలకుండా ఉంటే గోనె పరిచేంత జాగా ఇస్తాడు.

ఆండాలుకు ఆ జాగా కావాలి. బొంబాయి మిల్లుకు పోయిన మొగుడు తిరిగి రాలేదు. అన్న ఇంట్లో వదిన పెట్టే మెతుకులకు వదిన మాటలే కూర. తన పొయ్యి తాను వెలిగించుకోవడానికి ఆమెకు తెలిసిన పని దండ కట్టడం ఒక్కటే.

కట్టింది. మర్నాడు చూశారు, ఆ మర్నాడు చూశారు. వారం తిరిగినా అదే తడి, అదే వాసన. ఆమె ముడి వేసిన పువ్వు వాడదని అందరికీ అర్థమైంది. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఎవరి బేరం గురించి వాళ్ళు ఆలోచించుకున్నారు.

“నీ చెయ్యి మంచిదే బిడ్డా, గదే తక్లీఫ్,” అన్నాడు వైకుంఠం. “పూలు వాడకపోతే మా కాడికి మళ్ళ ఎవడొస్తడు?”

“వాడకపోవుడు నా తప్పా బాపూ?”

“తప్పని ఎవడన్నడు? మా కడుపుల సంగతి చెప్తున్న.”

పక్క గోనె మీది ఆగయ్య నవ్వాడు. “పాడె దండలు కట్టుమనుండ్రి. సచ్చినోడు రెండోపారి బేరానికి రాడు గద!”

వరుసంతా నవ్వింది. ఆ నవ్వులోనే తీర్పు అయిపోయింది. వీధి చివర, మురుగు పారే మోరీ పక్కన కూర్చుని పీనుగులకే కట్టుకోవాలి. కడుపు నిండినవాడి న్యాయం ఎప్పుడూ ఇంతే. ఆండాలు మోరీ పక్కన గోనె పరిచింది.

పురానా పూల్ శ్మశానానికి పోయే పాడెలు ఆ వీధినే పోతాయి. పాడె ముందు నడిచేవాళ్ళు దండలు తెంపి పూలు చల్లుకుంటూ పోతారు. మామూలు పూలైతే పొద్దుగూకేసరికి ఎండి గాలికి పోతాయి. ఆండాలు పూలు పోలేదు. పాడె వెనక పాడె పోయి, వైకుంఠం గోనె ముందు దాకా బంతిపూలు పరుచుకున్నాయి. పాడె పువ్వు తొక్కితే కీడు. పెళ్ళివాళ్ళు వీధి మొదట్లోనే ఆగి లాడ్ బజార్ వైపు తిరిగిపోయారు. పెళ్ళికొడుకు ముఖానికి కట్టే సెహ్రాలు కొనే సాయిబులు కూడా “రాస్తా బంద్ హై క్యా?” అని ఇంకో గల్లీ పట్టారు.

ఎత్తేద్దామంటే ఎవరికీ చేతులు రాలేదు. వైకుంఠం వీధులూడ్చే సాయిలును పిలిచాడు.

“చెత్త ఊడ్వనీకె నాకు జీతమిస్తరు చౌదరీ,” అన్నాడు సాయిలు. “గివి చెత్తనా? తాజాగ మెరుస్తున్నయ్.” చీపురు భుజాన వేసుకుని పోయాడు.

చివరికి వైకుంఠమే పూల మధ్య కాలి మునివేళ్ళు ఆనించుకుంటూ మోరీ దాకా వచ్చాడు.

“గా పూలు ఎత్తెయ్ బిడ్డా. వరుసల జాగా నీదే. పెళ్ళి దండలు కట్టుకో. పాడె దండలు ఆగయ్య కడ్తడు.”

“అందరి ముందట చెప్పు బాపూ.”

చెప్పాడు. ఆండాలు వంగి ఒక్కో పువ్వూ ఏరి మూసీలో వదిలింది.

ఉగాది నాడు తన జాగాలో కూర్చుంది. ఒక పెళ్ళికూతురి తల్లి మల్లెదండ చేతిలోకి తీసుకుని మురిసిపోయింది. వెంట వచ్చినామె కొంగు పట్టి గుంజింది. “అయ్యో, గామె పాడెల ఆండాలు! గా చేతి దండ పిల్ల మెడల ఏస్తవా?”

తల్లి దండ వదిలేసి వైకుంఠం దగ్గర కొనుక్కుంది. ఆయన తల ఎత్తకుండా కట్టి ఇచ్చాడు. ఆండాలును పాడెల దగ్గర కూర్చోబెట్టింది ఎవరో వరుసలో అందరికీ తెలుసు. ఒక్కడు నోరు విప్పితే ఒట్టు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఆండాలు పక్కవాళ్ళ పూలకు తొడిమలు తుంచి, ఆ కూలితో సొంత పొయ్యి మీద గంజి కాచుకుంది.

మృగశిర కార్తె వచ్చాక ఒకనాడు వైకుంఠం ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“మా అల్లుడు పనిలేక తిరుగుతున్నడు బిడ్డా. అమ్మకం లేని జాగా నీకెందుకు? గీ దండలు తీసేసి ఇంటికి పో.”

ఆండాలు ఉగాది నాటి మల్లెల మీద నీళ్ళు చల్లింది.

“వాడినంక లేస్త బాపూ,” అంది.