కట్ట ఎవరి ముందు పెట్టాలి

కొబ్బరి కోరుతూ కోరుతూ నా కోడలు వసితి ఆగిపోయింది. "అత్తయ్యా, ఈరోజు కూడా నన్నెవరూ పుస్తకం అడగలేదు" అంది.

బడి లైబ్రరీ చూసుకునే పని దానిది. నేను మూడో తరగతి దాటలేదు గానీ ఆ గది నా కళ్లముందే ఉంది. నేను అల్లిన చాప మీద పిల్లలు బోర్లా పడుకుని చదివేవాళ్లు. "టీచర్, సొరచేపల పుస్తకం! టీచర్, దెయ్యాలది!" అంటూ దాని గౌను పట్టి లాగేవాళ్లు. ఇంటర్నెట్ వచ్చాక చాప చుట్టేసి బల్లలు వేశారు. పుస్తకాలు అట్టపెట్టెల్లో బూజు పడుతున్నాయి. పాస్‌వర్డులు చెప్పడం, వైర్లు సర్దడం, నెట్ రాకపోతే తిట్లు తినడం, ఇదీ ఇప్పుడు దాని పని. నాకు నేర్పించండి అని అది అడిగితే "అందులోనే చూసి నేర్చుకో" అన్నాడట హెడ్మాస్టర్. ఎప్పుడు చూస్తుంది? ఇంటికొస్తే కర్రపెండలం ఉడకెయ్యాలి, నా కొడుకు చొక్కాలు ఉతకాలి. "రోజంతా కూర్చునేగా ఉంటావు" అంటాడు వాడు.

పోయిన వారం పిల్లలు ఆ కంప్యూటర్లో చూడకూడని బొమ్మలు చూశారు. తప్పు వసితిదన్నారు. రేపు తల్లిదండ్రులందరి ముందూ క్షమాపణ చెప్పాలి, లేదంటే ఉద్యోగం లేదు.

అది ఇంకా కొబ్బరి ముందే ఉండగా నా కొడుకు సెమీ వచ్చి, యంగోనా మొక్క ఎండు వేళ్ల కట్ట దాని ఒళ్లో పడేశాడు. మా దీవిలో తప్పు చేసినవాళ్లు ఆ కట్ట ఎదుటివాళ్ల ముందు పెట్టి, వాళ్లు అందుకునేదాకా తల వంచుకుని కూర్చుంటారు.

"రేపు ఇది పెట్టి ఏడువు. ఏడుపు నీకు బాగానే వచ్చుగా" అని నవ్వుకుంటూ స్నానానికి వెళ్లాడు.

వసితి ఏడవలేదు. "నేను చేసిన తప్పేంటో మీరైనా చెప్పండత్తయ్యా, అలాగే ఒప్పేసుకుంటాను" అంది. ఆ గొంతు నాకు తెలుసు. మా పిన్ని చివరి రోజుల్లో అలాగే మాట్లాడేది. అందరికీ సరే, సరే అంటూనే ఒక పొద్దున సముద్రపు పోటు నీళ్లలోకి నడిచి వెళ్లిపోయింది.

దాని ఒళ్లోంచి కట్ట తీసుకున్నాను. మోకాళ్లు పట్టేస్తున్నా నేల మీద కూలబడి, దాని పాదాల ముందు పెట్టి తల వంచాను.

"అయ్యో, లేవండత్తయ్యా!"

లేవలేదు. అది కట్ట ముట్టుకోలేదు. ముట్టుకోమని నేనూ అనలేదు.

సెమీ తువ్వాలుతో వచ్చాడు. "ఏంటమ్మా ఈ నాటకం? అది రేపు బడికి తీసుకెళ్లాల్సిన కట్ట!"

"రేపు నా కోడలు ఎక్కడా తల వంచదు."

"ఉద్యోగం పోతుందే!"

"పోతుంది. ఈ కట్ట మన ఇంటి తప్పుకిరా. తల తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చో."