ఎవరూ చెయ్యి వేయకండి

పెళ్ళయిన కొత్తలో కంటికి ప్రతిదీ ముద్దుగానే కనిపిస్తుంది. ఒకే గ్లాసులో మా ఇద్దరి బ్రష్షులూ ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే చూసి నవ్వుకునేదాన్ని. తీగ మీద పక్కపక్కన ఆరేసిన మా చొక్కాల చేతులు గాలికి తగులుకుంటుంటే పని మానేసి చూస్తూ నిలబడేదాన్ని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, మాకు ఆఫీసు టైము కూడా గుర్తుండటం లేదని వదిన ఎగతాళి చేసేది.

వదిన అంటే మా ఆయన అక్క. సిటీ బస్సు డ్రైవరు. అత్తయ్యకి మతిమరుపు జబ్బు ముదిరాక జీతం లేని సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయింది. ఆ సెలవు నెలాఖరుతో అయిపోతుంది. ఆలోగా డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం ఉండదని డిపోలో చెప్పేశారు. అత్తయ్య పేరు మీద పాత సంరక్షణ బీమా ఒకటి ఉంది. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, మరుగుదొడ్డికి వెళ్ళడం లాంటి రోజువారీ పనుల్లో కనీసం మూడు ఇంకొకరి సాయం లేకుండా చేసుకోలేని స్థితి వస్తే, పగలంతా కనిపెట్టుకుని ఉండే ఆయాని ఆ కంపెనీవాళ్ళే పెడతారు. ఆయా వస్తే వదిన మళ్ళీ స్టీరింగు పట్టుకుంటుంది. రాకపోతే ఇక ఎప్పటికీ పట్టుకోదు.

నిజానికి అత్తయ్య వాటిలో ఏ ఒక్కటీ తనంతట తాను చేసుకోలేకపోయేది. ఇంటికి వచ్చిపోయేవాళ్ళకి మాత్రం అది తెలిసేది కాదు. ఆ ఇంట్లోనే ఉంటున్న నాకే చాన్నాళ్ళు తెలియలేదు. వదిన పనితనం అలాంటిది. బట్టలు ఏది ముందో ఏది తరవాతో ఆ వరసలో మంచం మీద పరిచి, చొక్కా బొత్తాలు సగం పెట్టి ఉంచేది. చెంచా చేతికిచ్చి మొదటి ముద్దకి మోచెయ్యి కాస్త పైకెత్తి వదిలేస్తే, ఆ తరవాత చెయ్యి అలవాటుగా నోటిదాకా వెళ్ళేది. అత్తయ్య ముఖంలో ఏం కనిపించేదో గాని, వదిన మాట మధ్యలో ఆపి లేచి ఆవిడని బాత్రూముకి తీసుకెళ్ళేది. ఎలా తెలుస్తుందని అడిగితే, ముందు బండి బ్రేకు లైటు వెలగకముందే తన కాలు బ్రేకు మీద ఉంటుందని, ఇదీ అంతేనని చెప్పింది.

బీమా కంపెనీ తరఫున ఒక నర్సు వచ్చి అత్తయ్యని చూస్తుందని కబురొచ్చింది. మేం ఇల్లంతా కడిగాం. బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, దాని అంచులు సమంగా వచ్చేదాకా అటూ ఇటూ లాగి మురిసిపోయాను. ఇల్లు ఎలా ఉందో అలాగే వదిలేస్తే మంచిదేమో అని మా ఆయన నసిగాడు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందిరా," అంది వదిన. "వచ్చేది పరాయి మనిషి. అమ్మని చిందరవందరగా చూపిస్తానా నేను?"

అత్తయ్య ముప్పయ్యేళ్ళు బట్టల కొట్టు నడిపిన మనిషి. గడపలో కొత్త ముఖం కనిపిస్తే చాలు, వెన్ను నిటారుగా అవుతుంది. నర్సుని చూడగానే లేచి రమ్మని, కూర్చోమని, ఏం చూపించమంటారని అడిగింది. పక్కన కూర్చుని ఆమె చొక్కా అంచు వేళ్ళతో నలిపి, నూలు మంచిదే గాని ఉతికితే కుంచించుకుపోతుందని, కుట్టించుకునేటప్పుడే అంగుళం వదులుగా ఉంచమనాల్సిందని చెప్పింది. నర్సు నవ్వింది. స్నానం మీరే చేస్తారా అని అడిగింది.

"నేను చేసుకోక, పోయిన మా ఆయన లేచొచ్చి చేయిస్తాడా?" అంది అత్తయ్య.

అందరం పగలబడి నవ్వాం. వదిన కూడా నవ్వింది. మంచి రోజున వచ్చారని నర్సుతో అన్నాను కూడా.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. ఆవిడకి ప్రస్తుతం ఇంకొకరి సాయం అవసరం లేదట. వదిన ఫోను పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించి, మళ్ళీ అత్తయ్య గదిలోకి వెళ్ళింది. నేను ఉద్యోగం మానేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. అది నా ముఖంలో తెలిసిపోయినట్టుంది.

"వద్దు," అంది వదిన, గదిలోంచి వస్తూనే. "గోతిలో ఉన్నవాళ్ళు పైకొచ్చి ఇంకొకళ్ళని దింపితే గొయ్యి పూడుతుందా?"

మర్నాడు నేనే ఆ నర్సుకి ఫోన్ చేశాను. ఆమె విసుక్కోలేదు. ఇంకోసారి చూడమని అడిగే హక్కు మాకు ఉందని, అడగమని చెప్పింది. ఈసారి ఉదయం, బట్టలు మార్చుకునే వేళకి వస్తానంది. ఇల్లు సర్దొద్దు. ముందుగా ఏదీ అమర్చిపెట్టొద్దు. అడిగినదానికి ఆవిడ తరఫున మీరు జవాబు చెప్పొద్దు. మంచి రోజుని కాదు, మామూలు రోజుని చూపించండి. గదిలో అందరూ ఉండొచ్చు, ఎవరూ చెయ్యి మాత్రం వేయకూడదు. వదిన చెప్పిన సామెత ఆమెకి చెప్పాను.

"చించకపోతే లోపలేముందో నాకెలా తెలుస్తుందమ్మా? ఆ రోజు నాకు ఒక కొట్టు యజమాని కనిపించింది. మీ వదిన చేసే పని ఎక్కడా కనిపించలేదు. నేను చూసిందే కదా రాయాలి."

ఆ ఉదయం వదిన బట్టల్ని బీరువాలోనే ఉంచింది. నర్సు కుర్చీ లాక్కుని గోడవారగా కూర్చుంది. బట్టలు మార్చుకోండమ్మా అంది. అత్తయ్య బీరువా తెరిచి, లోపలికి చూస్తూ నిలబడింది. చాలాసేపటికి ఒక చొక్కా తీసింది. మంచం మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టింది, చక్కగా, కొట్టులో మడిచినట్టు. విప్పింది. మళ్ళీ మడిచింది. తరవాత చొక్కాలో చెయ్యి పెట్టాల్సిన చోట కాలు దూర్చింది. అది మోకాలి దగ్గర పట్టేసింది. లాగింది. రాలేదు. తలెత్తి వదిన వైపు చూసింది.

వదిన రెండు చేతులూ వెనక్కి పెట్టి కిటికీ చువ్వ పట్టుకుంది. మా ఆయన నేలచూపులు చూస్తున్నాడు. నేను మాత్రం ఎక్కడ చూడాలో తెలియక వదిన చేతుల వంకే చూస్తున్నాను. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

అత్తయ్య ఇంకాసేపు చూసింది. ఆ చూపులో మొదట అడగడం ఉంది, తరవాత అర్థం కాకపోవడం, ఆ తరవాత కోపం. అప్పుడు నర్సు వైపు తిరిగి కొట్టులో మాట్లాడే గొంతుతో అంది:

"మీరేం అనుకోకండమ్మా. ఈ పిల్ల కొత్తగా చేరింది. ఏం చెయ్యాలో తెలీదు. బొమ్మలా నిలబడుతుంది."

అంతలోనే దుప్పటి తడిసింది. తడి మంచం అంచు నుంచి నేల మీదికి జారింది. అత్తయ్య దాని వంక చూసి, గబగబా ఆ చొక్కాతోనే కప్పబోయింది. ఆమెకి తెలిసింది. పరాయి మనిషి ముందు జరిగిందని తెలిసింది.

"చాలు, ఇక ఆవిడ దగ్గరికి వెళ్ళండి," అంది నర్సు, లేచి గోడ వైపు తిరిగి.

వదిన ఒక్క ఉదుటున మోకాళ్ళ మీద కూలబడి కాలికి పట్టేసిన చొక్కా విప్పబోయింది. అత్తయ్య ఆ చేతిని తోసేసింది. అమ్మా, నేనే అంటూ మళ్ళీ దగ్గరికెళితే మళ్ళీ తోసేసింది. చివరికి నేను పట్టుకుంటే ఊరుకుంది. స్నానం చేయించింది నేను. వదిన తలుపు బయట నిలబడి నీళ్ళు ఎంత వేడి ఉండాలో, మెడ దగ్గర ఎలా తుడవాలో చెబుతూ ఉంది. అత్తయ్య వినకుండా మెల్లగానే చెప్పింది.

బీమావాళ్ళు ఒప్పుకున్నారు. నెలాఖరు లోపలే ఆయా వచ్చింది, నడివయసు మనిషి, నిదానస్తురాలు. మొదటి రోజు సాయంత్రం వదిన యూనిఫాంలోనే, కండక్టర్ల కబుర్లు మోసుకుంటూ ఇంటికొచ్చింది. చాలా రోజుల తరవాత ఆమె ముఖం ఎండకి కమిలి ఉంటే చూడటానికి నాకు ఎంత బాగుందో. మా ఆయన ఆమె టోపీ నా తల మీద పెట్టాడు. కళ్ళదాకా దిగిపోతే ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు ముఖంతోనే వదిన అత్తయ్య గది గడపలోకి వెళ్ళింది.

ఎవరొచ్చారో చూడండి అని ఆయా అత్తయ్యతో అంది. అత్తయ్య పైనుంచి కిందిదాకా చూసి గొంతు తగ్గించి ఆయాతో చెప్పింది:

"ఇదివరకు ఒక పిల్ల ఉండేది. అచ్చం ఇలాగే ఉండేది. చేతగాకపోతే పంపించేశాను."

లోపలికి పెట్టబోయిన కాలు వదిన వెనక్కి తీసుకుంది.

"మంచి పని చేశారండీ," అంది.

అత్తయ్య సరేనన్నట్టు తలూపి, ఏం కావాలో చెప్పమంది, కొట్టు కట్టేసే వేళయిందంది. ఏమీ వద్దు, ఊరికే చూద్దామని వచ్చానని చెప్పి వదిన అక్కడే నిలబడింది, ఆయా దీపం వేసేదాకా.