నా పేరుతో వెళ్లిన జవాబు

"నీకేం మెయిల్స్ రాలేదు."

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ మా ఆయన ఉదయభాస్కర్ రోజూ చెప్పే మాట ఇది. నేను వంటింట్లో గోంగూర ఆకు గిల్లుతూనో, చారుకి పోపు పెడుతూనో వింటాను. "హైదరాబాద్ నుంచి ఏమన్నా వచ్చిందేమో, ఇంకోసారి చూడండి" అంటే, "వస్తే చెప్పనా? ఏంటి వల్లీ, నీకంత అనుమానం" అనేవారు. అనుమానం అన్న మాట వినగానే నేను మళ్లీ పొయ్యి వైపు తిరిగేదాన్ని.

మెయిల్ నాదే. కనకవల్లి అని నా పేరుతోనే ఉంది. మూడేళ్ల కిందట, 2004లో, ఆయన తన ఆఫీసు కంప్యూటర్లో దాన్ని తెరిచి వచ్చారు. పాస్‌వర్డ్ ఏంటని అడిగితే, "నీకెందుకు, నేను చూసి చెప్తాగా. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలేంటి" అన్నారు. దాస్తున్నది ఆయనేనని నాకప్పుడు తట్టలేదు. పైపెచ్చు మురిసిపోయాను. స్టాఫ్ రూములో సైన్సు చెప్పే ఉషతో "మా ఆయనే అన్నీ చూసుకుంటారు" అని గొప్పలు పోయాను. తన పాస్‌వర్డ్ వాళ్లాయన పేరేనని ఉష సిగ్గుపడుతూ చెప్పింది. ఎంత అన్యోన్యమో అని ఇద్దరం నవ్వుకున్నాం.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆడపిల్లల హైస్కూల్లో పదమూడేళ్లుగా సోషల్ చెప్తున్నాను. అవే పాఠాలు, అవే ఖాళీలు పూరింపుములు. హైదరాబాద్‌లో చరిత్ర టీచర్లకి మూడు నెలల శిక్షణ ఇస్తారని తెలిసినప్పుడు నాకు నిజంగా ఆకలేసినట్టయింది. శాసనాలు చదవడం నేర్పుతారట, పిల్లల చేత వాళ్ల ఊరి చరిత్ర రాయించడం నేర్పుతారట. దరఖాస్తు నేను కాగితం మీద రాసిస్తే ఆయన టైపు చేసి పంపారు. "పంపిస్తాలే, వచ్చేదా చచ్చేదా" అన్నారు. మా అత్తగారు మాణిక్యమ్మ గారు మాత్రం "మూణ్ణెల్లు ఇల్లొదిలేసి పోతావా? నలభైయేళ్లొస్తుంటే ఇప్పుడేం చదువే అమ్మాయ్" అన్నారు. వంకాయ కూరలో ఉప్పు చాల్లేదని కూడా అదే ఊపులో అన్నారు.

ఆ గురువారం హెడ్‌మిస్ట్రెస్ తెరేసమ్మ గారు ప్రేయరుకి ముందే పిలిచారు. తొమ్మిదో తరగతి వేదశ్రీ సంగతి మా అందరికీ తెలుసు. ఆ పిల్ల తన మెయిల్ పాస్‌వర్డ్ స్నేహితురాలికి చెప్పింది. ఆ స్నేహితురాలు వేదశ్రీ పేరుతో మగపిల్లలకి పిచ్చి రాతలు రాసింది. రాసిన పిల్ల బాగానే ఉంది, వేదశ్రీనేమో తండ్రి బడి మాన్పించాడు. తెరేసమ్మ గారు కంకిపాడు వెళ్లి, ఆ తండ్రితో వాదించి, పదిహేను రోజుల తర్వాత పిల్లని తెచ్చుకున్నారు.

"ఇంటర్నెట్‌లో ఎలా జాగ్రత్తగా ఉండాలో ఇవాళ పిల్లలకి మీరు చెప్పండి కనకవల్లి గారూ, మీ మాటైతే వింటారు" అంటూ ఒక కరపత్రం చేతిలో పెట్టారు. వెళ్లబోతుంటే ఆపారు. "అన్నట్టు, సీటొస్తే ఎందుకండీ వద్దన్నారు? నిన్న హైదరాబాద్ వాళ్లు ఫోన్ చేశారు. ఈ సాయంత్రంలోగా ఇంకో టీచర్ పేరు చెప్పమన్నారు. మీ అత్తగారు మంచం పట్టారని, చూసుకునేవాళ్లు లేరని మెయిల్ రాశారటగా. నాతో ఒక్క మాటైనా అనలేదేంటి?"

మంచం పట్టిన మా అత్తగారు మొన్న శుక్రవారమే కొండ మెట్లన్నీ ఎక్కి దుర్గమ్మ దర్శనం చేసుకొచ్చారు. ఆ మాట చెప్పేలోపే బెల్ కొట్టారు.

తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి కరపత్రం చదివాను. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, ఎంత దగ్గరవాళ్లయినా సరే. ఇంటర్నెట్ సెంటర్‌లో పని అయిపోయాక లాగౌట్ చెయ్యకుండా లేవకండి. మీ పేరుతో ఇంకొకళ్లు రాసినా లోకం మీరే రాశారనుకుంటుంది. ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాను. అప్పుడు ఆఖరి బెంచీలోంచి వేదశ్రీ లేచింది. తిరిగి బడికొచ్చినప్పట్నుంచీ నోరు విప్పని పిల్ల.

"మేడం, మీ పాస్‌వర్డ్ మీకు తప్ప ఇంకెవరికీ తెలీదా అండీ?"

ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. వాళ్లని కసరి ఆ పిల్లని కూర్చోబెట్టడం నాకు ఎంత పని? కానీ ఆ పిల్ల వెటకారానికి అడగలేదు. తను ఒక్కతే తెలివితక్కువదేమోనని తెలుసుకోవాలనుకుంటోంది. అబద్ధం చెప్తే ఆ పిల్ల జీవితాంతం అలాగే అనుకుంటుంది.

"మా ఆయనకి తెలుసమ్మా" అన్నాను. "నాకు తెలీదు."

ఎవరూ నవ్వలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటే పట్టలేనంత కోపమొచ్చింది. ఆయన మీద సరే, మూడేళ్లు మురిసిపోయిన నా మీద కూడా.

మధ్యాహ్నం అన్నం తినకుండా తెరేసమ్మ గారి గదికి వెళ్లి, కంప్యూటర్ కావాలని అడిగాను. ఆవిడ నా మొహం చూసి కుర్చీ ఖాళీ చేశారు. కొత్త మెయిల్ నేనే తెరుచుకున్నాను, అక్షరం అక్షరం వెతుక్కుంటూ. పాస్‌వర్డ్ మర్చిపోతే అడగడానికి ఒక రహస్య ప్రశ్న ఎంచుకోమంది. మీ అమ్మ పుట్టింటి పేరేమిటి అన్నదాని మీద నొక్కాను. పద్నాలుగేళ్ల కాపురంలో మా ఆయన అడగని ప్రశ్న అది.

తర్వాత హైదరాబాద్‌కి రాశాను. "ఇంతకుముందు నా పేరుతో మీకు అందిన జవాబు పొరపాటున వచ్చింది. నేను శిక్షణకి వస్తున్నాను." ఇంట్లో మాట బయటికి పోకుండా కాపాడుకునే అలవాటు, వేళ్లు వాటంతటవే అలా కొట్టేశాయి. పంపబోతూ ఆగాను. వెనక్కి వెళ్లి, పొరపాటున వచ్చింది అన్నది చెరిపేసి, ఆ చోట "నాకు తెలియకుండా నా భర్త రాసింది" అని టైపు చేసి పంపాను.