మగాడికెందుకు పరీక్ష?

కూర తరుగుతుంటే మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడి, "ఈ నెల చేయించుకున్నావా?" అని అడిగాడు. హెచ్‌ఐవీ పరీక్ష. రోడ్ల మీద పడుకునే కుర్రకారుకి వ్యాన్‌లో ఆ పరీక్ష చేయడమే నా ఉద్యోగం. అందులో చేరినప్పటి నుంచి నెలనెలా నేనూ చేసుకుని ఫలితం చూపిస్తే గాని ఆయన నా పక్కకు రాడు. ముట్టుకుంటే అంటేది కాదని ఎంత చెప్పినా, "నా భయం నాది" అంటాడు. అత్తగారైతే, "మొగుడు అడిగితే చూపించడానికి నీ సొమ్మేం పోయిందమ్మా?" అంటుంది. నా వేలు నేనే పొడుచుకుని, మార్కులు చూపించే బడిపిల్లలా నిలబడేదాన్ని. ఆయన చూసి తలూపేవాడు. ఆ తలూపుడుకి ఒళ్లంతా జెర్రి పాకినట్టుండేది.

ఆ రోజు వంతెన దగ్గర వ్యాన్ ఆపాం. ఇరవై నిండని ఒక అమ్మాయి వచ్చింది. ఆ వంతెన కిందే ఉంటుంది. ఎవరూ ఆడపిల్ల అని గుర్తుపట్టకూడదని జుట్టు కత్తిరించుకుని మగాళ్ల టోపీ పెట్టుకుంటుంది. టోపీ పిల్ల అంటాం. వెంట వచ్చిన మనిషి బయట బైక్ మీదే కూర్చున్నాడు.

"అతనికి గది ఉందక్కా. లోపల గడియ కూడా ఉంది," అంది వేలు చాపుతూ. "నాకిది లేదని తేలితే ఉంచుకుంటానన్నాడు."

"మరి అతను చేయించుకున్నాడా?"

"మగాడికెందుకక్కా?"

నేను దిగి వెళ్లి అతన్నీ పరీక్షకు పిలిచాను. అతను నవ్వాడు. "కొనేవాడు కాయని గిల్లి చూస్తాడు గాని, కాయ వచ్చి కొనేవాణ్ణి గిల్లుతుందా మేడమ్?"

ఇదే మాట ఇంట్లో కాస్త మర్యాదగా వింటున్నాను.

ఆమెకు నెగెటివ్ వచ్చింది. అతని సంగతి తెలియకుండా వెళ్లొద్దని, ఆడపిల్లల వసతి గృహంలో చోటు అడుగుతానని చెప్పాను. టోపీ పిల్ల చాలాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత దిగి, అతని ముందు నిలబడి, "నువ్వూ చేయించుకో. అప్పుడొస్తా," అంది. అతను ఆమె కాళ్ల దగ్గర ఉమ్మి, బైక్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె వచ్చి నా పక్కన కూలబడింది. వసతి గృహానికి మేమే తీసుకెళ్లాం. చోటు దొరికింది.

సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగానే, "చూపించలేదేం?" అన్నాడు మా ఆయన. సంచిలోంచి కిట్ తీసి బల్ల మీద పెట్టాను.

"ఈసారి మీరు చెయ్యి ఇవ్వండి."

కసురుతాడనుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నెలలో సగం రోజులు ఆఫీసు క్యాంపులంటూ ఊళ్లు తిరిగే మనిషి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "నాకు... ఇప్పుడెందుకు?" అని గొణిగాడు.

అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన నా వేలు పొడిపించి తన పరీక్ష చేయించుకుంటున్నాడు. నాకు అంటలేదంటే తనకూ లేదని ధీమా.

పడకగదిలోంచి ఆయన దిండూ దుప్పటీ తెచ్చి హాల్లో పడేశాను. అత్తగారు బిత్తరపోయి, "ఏమైందే?" అంది.

"మీ అబ్బాయి చెబుతారు," అన్నాను. "రేపు మా వ్యాన్ దగ్గరికి రమ్మనండి. నేను ముట్టుకోనులెండి, ఇంకెవరైనా పొడుస్తారు."