మేస్త్రీ ఎక్కందే పడవ కదలదు

జయపాల్ మేస్త్రీ చేసిన పడవలో ఆయన కంటే ముందు ఇంకొకళ్ళు కాలు పెట్టడమన్నది జరిగే పని కాదు. నరసాపురం దగ్గర కాలవ గట్టున ఎవర్ని అడిగినా ఈ మాటే చెబుతారు. పడవని నీళ్ళలోకి దించుతారు. ఆసామి ఉతికిన పంచె కట్టుకుని గట్టు మీద నిలబడతాడు. మేస్త్రీ ఒక్కడే ఎక్కి, గడ వేసుకుంటూ అవతలి ఒడ్డు దాకా వెళ్ళి తిరిగొస్తాడు. దిగి, పడవ ముక్కు మీద అరచేత్తో ఒక్కసారి తట్టి, "ఇక నీది" అంటాడు. అనేసి ఇంటిదారి పడతాడు. వెనక్కి తిరిగి మాత్రం చూడడు. చూస్తే, చేసిన పని మీద చేసినవాడికే నమ్మకం లేనట్టట. ఇది వాళ్ళ నాన్న ఏసురాజు పెట్టిన చట్టం. ఏసురాజుగారు లూథరన్ చర్చిలో పెద్ద, ఆయన మాటకి ఎదురు లేదు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా ఇంకా లేదు.

ఒకే ఒక్కసారి ఆ చట్టం తప్పింది. వెంకన్నగారి పడవ తయారయ్యేసరికి జయపాల్‌కి నూట మూడు జ్వరం. ఆసామి తొందరపడి కొబ్బరికాయలు వేసుకుని బయల్దేరిపోయాడు. కాలవ మధ్యకి వెళ్ళాక పడవ ఎడమ పక్కకి ఒరిగింది. మనుషులు ఈదుకుంటూ ఒడ్డుకి చేరారు, కాయలు మొగల్తూరు దాకా తేలుకుంటూ వెళ్ళాయంటారు. అది కాస్త పెంచి చెప్పిన మాటే అనుకోండి. ఊరంతా నవ్వుకుంది గానీ జయపాల్‌కి నవ్వు రాలేదు. తను ఎక్కి ఉంటే ఆ ఒరుగు తన అరికాళ్ళకి తెలిసేది. ఆ సంగతి ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇక ఆయన కూతురు తబిత సంగతి. భీమవరంలో ఒక స్కూల్లో పీఈటీ. మనిషి అయిదడుగులు కూడా ఉండదు, కానీ ఆ పిల్ల పరుగు చూస్తే కళ్ళు చెదిరేవి. అలాంటి పిల్లకి ఎక్కడ అంటుకుందో ఏమో మంచు పిచ్చి అంటుకుంది. పుట్టింది బురదలో, పెరిగింది ఉక్కలో, ఇష్టపడింది హిమాలయాల్ని. కిందటేడు సెలవు పెట్టి మనాలి వెళ్ళి, స్కీలు అద్దెకి తీసుకుని, కాళ్ళకి బిగించుకుని కొండ మీంచి జారింది. ఆ స్కీలు ఒక్కోటీ ఆ పిల్ల కంటే పొడుగు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరిగింది. కుడికాలు ఎముక విరిగి ఇంటికొచ్చింది.

మూడు నెలలు కట్టు. కట్టు విప్పాక డాక్టరుగారు ఎక్సరే చూసి, ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది, ఇక మీరు గుర్రంలా పరిగెత్తొచ్చు అన్నారు. తబిత పరిగెత్తలేదు. గ్రౌండులో కుర్చీ వేయించుకుని, కూర్చునే ఈల ఊదడం మొదలుపెట్టింది. ఇంటి ముందు పంటకాలవ మీద తాటిపట్టె ఉంటే, చిన్నప్పట్నుంచీ దాని మీద గెంతుకుంటూ దాటే పిల్ల, ఇప్పుడు చుట్టూ తిరిగి వంతెన మీంచి వచ్చేది. జయపాల్ రోజూ సాయంత్రం ఆ వంతెన వైపే చూస్తూ కూర్చునేవాడు.

నవంబరులో ఒకరోజు అన్నం తింటూ తబిత ఫోను ఆయన ముందు పెట్టింది. "వీటిని స్కీబోర్డులంటారు నాన్నా. కాలికొకటి. పొట్టిగా ఉంటాయి, నా నడుం దాకా కూడా రావు. నాకు ఇవైతే సరిపోతాయని అక్కడి కోచ్ అప్పుడే చెప్పాడు. ఇంకొక్కసారి వెళ్ళొస్తా. ఒక్కసారి కిందదాకా జారి వస్తే చాలు."

జయపాల్ బొమ్మని పెద్దది చేసి చూశాడు. "రెండు బుల్లి పడవలేగా ఇవి. కొనడం దేనికి? నేను చేస్తాను."

తబిత వాళ్ళమ్మ జ్ఞానమ్మ పెరుగు గిన్నె ఠక్కున కింద పెట్టింది. "బావుందండీ. విరగ్గొట్టుకున్నది చాల్లేదని మీరు దగ్గరుండి చేసిస్తారన్నమాట."

"నువ్వుండవే జ్ఞానం. అది వెళ్తానంటోంది, వినలేదా?" అన్నాడాయన. ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, జ్ఞానమ్మ గిన్నె మళ్ళీ తీసి పెరుగు వడ్డించింది.

నెలన్నర పట్టింది. పడవల కోసం దాచుకున్న పాత టేకు పలక తీశాడు. కింద సెగ పెట్టి, పైన తడిగుడ్డతో తుడుస్తూ, పడవ పలకని వంచినట్టే వాటి ముక్కులు పైకి వంచాడు. అంచులకి సన్నటి ఉక్కు పట్టీలు బిగించాడు. బూట్లని పట్టి ఉంచే క్లాంపులు తబిత ఆన్‌లైన్లో తెప్పించింది. చివర్న, చేయి తిరిగిన మేస్త్రీ చేసే ఆఖరి పని చేశాడు. గుగ్గిలం, వేపనూనె కలిపి కాచి, అడుగున రెండు పూతలు వేశాడు. ఇక చుక్క నీరు తాగవు. తబిత ఆ రాత్రి పడుకునేటప్పుడు వాటిని మంచం పక్కనే పెట్టుకుంది.

ఫిబ్రవరిలో ఇద్దరూ బయల్దేరారు. ఇద్దరూ అంటే మరి, చట్టం ఉందిగా. జ్ఞానమ్మ సంచిలో గోంగూర పచ్చడి, మంకీ క్యాపు, మోకాళ్ళ నొప్పుల మందు సర్దింది. కొండల్లో కరెంటు ఉంటుందో ఉండదో అని నాలుగు కొవ్వొత్తులు కూడా పెట్టింది. జయపాల్ చెక్క నున్నగా చేసే తన చిన్న చిత్రికని లుంగీలో చుట్టి అడుగున దాచాడు. ఎక్కడికెళ్ళినా ఆయనకి ఆ చిత్రిక దగ్గర ఉండాల్సిందే.

మనాలి చేరాక తెల్లారి చూస్తే కొండంతా పిండి ఆరబోసినట్టుంది. జయపాల్ చలికి దవడలు కొట్టుకుంటున్నా పైకి తేలనివ్వకుండా, అద్దె బూట్లు తన సైజువి అడిగి తీసుకున్నాడు. అప్పటికి గాని తబితకి విషయం అర్థం కాలేదు.

"నాన్నా, నువ్వెక్కడం ఏంటి?"

"మేస్త్రీ ఎక్కందే పడవ కదలదు."

"ఇది కాలవ కాదు. నీకు అరవై మూడు. ఆ మోకాలితో మెట్లెక్కడానికే అమ్మ భుజం కావాలి నీకు."

"వెంకన్న పడవ గుర్తుందా?" అన్నాడు జయపాల్.

ఆ పడవ పేరెత్తితే ఆ ఇంట్లో వాదన అయిపోయినట్టే. ఆఖరికి ఒక ఒప్పందానికొచ్చారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు జారే పల్లం ఒకటుంది, మన గోదారి గట్టంత వాలు కూడా ఉండదు. అక్కడ ఒక్కసారి, అంతే.

జయపాల్ మనసులో ప్రార్థన చేసుకుని, మోకాళ్ళు వంచి, ముందుకి ఒంగాడు. బోర్డులు కదల్లేదు. ఇంకాస్త ఒంగాడు. కదల్లేదు. చేతికర్రలతో నేలని పొడిచి తోశాడు. ఉహూఁ, నాటిన రాటల్లా నిలబడి ఉన్నాయి. ఆరేళ్ళ పాప ఒకతె ఆయన పక్కనుంచి సర్రున జారుకుంటూ వెళ్ళి, కింద ఆగి వెనక్కి తిరిగి ఆయన్ని వింతగా చూసింది. తబిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆగలేకపోయింది, పకపకా నవ్వేసింది. ఏడాదిగా ఆ నవ్వు విని ఎరగడు జయపాల్. సంతోషమూ అయింది, సిగ్గుతో చచ్చినంత పనీ అయింది.

బోర్డులు విప్పి తిరగేస్తే అడుగున అంగుళం మందాన మంచు గడ్డకట్టి ఉంది. గోటితో గీరి చూశాడు. గుగ్గిలం పూత మంచుని జిగురులా పట్టుకుంది. అప్పుడు తట్టింది ఆయనకి. నలభై ఏళ్ళుగా ఆయన చేతులకి వచ్చిన భయం ఒకటే, నీరు లోపలికి రాకూడదని. ఇక్కడ కావలసింది అది కాదు. జారాలి.

"తప్పు నాదేనమ్మా. నీళ్ళు తాగకుండా చేశాను గానీ, జారేలా చెయ్యలేదు."

"ఫర్వాలేదు నాన్నా. పోనీలే. ఇంటికెళ్ళిపోదాం" అంది తబిత.

వెంటనే అంది. గబుక్కున అంది. ఆ గొంతులో నిరాశ లేదు, హమ్మయ్య అన్నట్టుంది. జయపాల్ తలెత్తి కూతురి మొహంలోకి చూశాడు. ఆ పిల్ల చూపులు తిప్పుకుంది. బోర్డులు కదలకపోతే బావుండునని ఈ పిల్ల దారి పొడుగునా కోరుకుంటూ వచ్చిందని ఆయనకి తెలిసిపోయింది. ఇప్పుడు ఇంటికెళ్తే, ఇక జన్మంతా ఆ వంతెన మీంచే నడుస్తుంది. ఇంత దూరం వచ్చి దీన్ని కుర్చీలోకే తిరిగి తీసుకెళ్ళాలా?

"టీ తాగుదాం పద" అన్నాడు.

టీ కొట్టు ముందున్న బల్ల మీద లుంగీ పరిచి, బోర్డులు బోర్లా పెట్టి, చిత్రిక తీశాడు. కొట్టు పెట్టుకున్న పెద్దావిడకి తెలుగు రాదు, ఈయనకి హిందీ రాదు. ఆవిడ ఏదో అడిగింది, ఈయన "అవునండి, అవునండి" అన్నాడు. ఆవిడ నవ్వి, నిప్పుల కుంపటి తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. ఒకటి కాదు రెండు కాదు, మూడు గంటలు పట్టింది గుగ్గిలం గీకి పారెయ్యడానికి. అడుగున టేకు రంగు బయటపడింది. కానీ ఉత్త చెక్క మంచు మీద జారదుగా. చేతులు రుద్దుకుంటూ ఆలోచించాడు. ఇంట్లో బీరువా సొరుగు బిగుసుకుంటే ఏం చేస్తాం?

"మీ అమ్మ కొవ్వొత్తులు ఇచ్చింది కదే, తియ్యి."

నాలుగూ అయ్యేదాకా రుద్దాడు. కుంపటి సెగకి చూపిస్తూ, మంకీ క్యాపు విప్పి దాంతోనే మెరుగు పెట్టాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. తబిత తన శాలువా తీసి ఆయన తలకి చుట్టింది. చుడుతూ, "నాన్నా, నాకు భయంగా ఉంది" అంది మెల్లిగా.

"తెలుసమ్మా. అందుకేగా నేను ముందెక్కేది" అన్నాడు, రుద్దడం ఆపకుండా.

రెండోసారి నిలబడీ నిలబడగానే బోర్డులు కదిలాయి. కదలడం ఏంటి, పారిపోయాయి. జయపాల్‌కి కాళ్ళ కింద నేల ఉందో లేదో తెలీలేదు. ఇరవై గజాలు దూసుకుపోయాడు. అంతలో ఎడమ పక్కకి లాగినట్టయింది, ఆకాశం కిందికొచ్చింది, ఆయన మంచులో వెల్లకిలా పడి ఉన్నాడు. మోకాలు కలుక్కుమంది గానీ ప్రాణానికేం కాలేదు. తల తిప్పి చూశాడు.

తబిత పరిగెత్తుకుంటూ వస్తోంది.

మోకాలి లోతు మంచులో, చేతులు ఊపుకుంటూ, విరిగిన కాలు ఏదో మంచి కాలు ఏదో తేడా లేకుండా, చిన్నప్పుడు స్కూలు పందేల్లో వచ్చినట్టు వస్తోంది. జయపాల్ లేవగలిగీ లేవలేదు. ఇంకో నాలుగు అడుగులు ఆ పరుగు చూద్దామని అలాగే పడుకున్నాడు.

"నాన్నా, దెబ్బ తగిలిందా? ఎక్కడ? మాట్లాడు నాన్నా."

"ఎడమది లాగుతోందే" అన్నాడు జయపాల్. కళ్ళలో నీళ్ళు. మంచు పడిందని తుడుచుకున్నాడు.

మళ్ళీ బల్ల దగ్గరికి. ఎడమ బోర్డు అంచున ఉక్కు పట్టీ విప్పి, చిత్రికతో మూడు పట్లు పట్టాడు, కంటికి ఆనించి వంకర చూశాడు, పట్టీ మళ్ళీ బిగించాడు. అవతలి ఒడ్డు దాకా వెళ్ళిరావాలన్నది చట్టం గనక, కుంటుకుంటూనే మళ్ళీ ఎక్కి పల్లం అడుగుదాకా జారాడు. ఈసారి ఏ పక్కకీ లాగలేదు. తిన్నగా వెళ్ళి, ఆగడం తెలీక, గడ్డివాము లాంటి మంచుదిబ్బలో కూలబడి ఆగాడు.

పెద్ద వాలు పైకి, కుర్చీల్లో జనాన్ని మోసుకెళ్ళే తాడుబండి ఉంది. ఇద్దరూ ఎక్కారు. పైన తబిత బూట్లకి క్లాంపు బిగించబోతే రెండుసార్లు జారిపోయింది. జయపాల్ కిందికి కూర్చుని, క్లాంపులు తనే బిగించాడు. కుడి బోర్డు ముక్కు మీద, ఎడమ బోర్డు ముక్కు మీద అరచేత్తో ఒక్కోసారి తట్టాడు.

"ఇక నీవి" అన్నాడు.

అనేసి, వాళ్ళ నాన్న నేర్పినట్టే, వెనక్కి తిరిగి తాడుబండి వైపు నడక మొదలుపెట్టాడు. ఒక అడుగు. రెండు. వెనక చప్పుడు లేదు. మూడో అడుగు వేస్తుంటే మంచు మీద చెక్క జారిన చప్పుడు వినపడింది, సన్నగా, గోదారిలో పడవ కదిలినప్పటి చప్పుడే. ఏసురాజుగారి చట్టం ఆయన మెడని గట్టిగానే పట్టుకుంది. నలభై ఏళ్ళలో ఏ ఒక్క పడవకీ ఆయన ఆ మెడ తిప్పలేదు.

కాసేపటికి తబిత తాడుబండిలో మళ్ళీ పైకొచ్చింది. కనుబొమల మీద మంచు, ముక్కు ఎర్రగా, మొహం వెలిగిపోతోంది. ఎక్కడా పడలేదు. తండ్రి ఇందాక ఎక్కడున్నాడో అక్కడే, వాలు అంచున నిలబడి ఉన్నాడు.

"కింద ఆగి పైకి చూస్తే నువ్వు నన్నే చూస్తున్నావు" అంది. "వెనక్కి తిరిగి చూడకూడదుగా నాన్నా? తాతయ్య చట్టం ఏమైంది?"

జయపాల్ ఆ పిల్ల కనుబొమల మీది మంచు బొటనవేలితో తుడిచాడు.

"ఆ చట్టం పడవలకమ్మా" అన్నాడు. "నీకు కాదు."