ఎడమ చెవి కింద

పెళ్ళయి నెల తిరగకముందే కొత్త కోడలు మామగారి క్షవరశాలలో కుర్చీ వెనక నిలబడింది. తెల్లటి గుడ్డ దులిపింది. గిన్నెలో వేడినీళ్ళు పోసింది. కత్తి తీసి మేకుకు వేలాడుతున్న తోలు పట్టా మీద అటూ ఇటూ సానపట్టింది. అంతా సిద్ధం. కుర్చీలో కూర్చునేవాడే లేడు.

అలాగని షాపు ఖాళీగా లేదు. బెంచీ మీద టైలరున్నాడు, పక్కన రిటైరైన పోస్టుమాన్ ఉన్నాడు. ఇద్దరి గడ్డాలూ వారం నుంచి కత్తి మొహం చూడక మాసిపోయి ఉన్నాయి. ఒకే పేపరును చెరో కొస పట్టుకుని, ఒక్క ముక్క చదవకుండా దాని చాటు నుంచి చూస్తున్నారు.

"పెద్దవారు, ముందు మీరు కూర్చోండి" అన్నాడు టైలరు.

"నాకేం తొందర? ఇంటికెళ్ళి చేసేదేముంది? నువ్వే కానియ్" అన్నాడు పోస్టుమాన్.

మామగారు మూల స్టూలు మీద కూర్చుని కుడి చేతి కట్టుకేసి చూసుకుంటున్నాడు. బల్బు మారుస్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పినా ఆ చేతికి మునుపటి నాజూకు రాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఉన్న ఒక్క కొడుకూ ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటాడు. కత్తిని చూస్తే ఆమడ దూరం పారిపోతాడు. దాంతో మామగారి అన్నగారు, అంటే కోడలికి పెదమావయ్య, రంగంలోకి దిగాడు. షాపు గది అన్నదమ్ములిద్దరిదీ. ఫోన్లు బాగుచేసే అతనొకడు అద్దెకు కావాలంటున్నాడట. ఈ పూటే చూసుకోవడానికి వస్తున్నాడట.

"కుర్చీ వెనక నేనున్నాగా మావయ్యా" అంది కోడలు పొద్దున్నే. ఆయన అవుననలేదు, కాదనలేదు. అవుననలేదు కదా అని పెదమావయ్య అద్దె మాట వదల్లేదు, కాదనలేదు కదా అని కోడలు వచ్చి గుడ్డ దులిపింది.

"మగాళ్ళు పోయి పోయి ఆడపిల్ల చేతికి పీకలప్పగిస్తారట్రా?" అన్నాడు స్టూలు పక్కన నిలబడ్డ పెదమావయ్య తమ్ముడితో, ఆమె అక్కడ లేనట్టే.

"పీకలు కాదు పెదమావయ్యా, గడ్డాలు" అంది కోడలు. "పీకలు ఎవరివి వాళ్ళకే వదిలేస్తాను."

పేపరు వెనక టైలరుకి దగ్గొచ్చింది.

"డిగ్రీ చదివినదానివి. హాయిగా ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం చూసుకోక..."

"డిగ్రీ చదువుతూనే సెలవు రోజుల్లో మా నాన్న షాపులో ఇలాగే కుర్చీ వెనక నిలబడ్డాను. రెండూ పాసయ్యాను. ఒకటి మాత్రం సరదాగా ఉంది, అదే ఎంచుకున్నాను."

పెదమావయ్య షాపంతా కలయజూశాడు. గుమ్మం దగ్గర ఆమె భర్త నిలబడి ఉన్నాడు. పెళ్ళాం మొదటిరోజు పని చూడాలని ప్రెస్సుకి సగం పూట సెలవు పెట్టొచ్చాడు. అతన్ని చూడగానే పెద్దాయన కళ్ళు మెరిశాయి.

"సరే! నీ మొగుడి గడ్డం గియ్యి. పూర్తిగా, నున్నగా, మీ మామ దూది పరీక్ష నెగ్గేలా. గీశావా, వచ్చేవాణ్ణి నేనే వెనక్కి పంపేస్తాను. గీయలేదా, ఇక ఈ ఊసెత్తకూడదు."

మామగారు స్టూలు మీంచి లేచిపోయాడు. "అన్నయ్యా, వాడు వద్దు! నావల్లే కాలేదు వాడు."

ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. మీసం మొలిచిన ఏడు తండ్రి మొట్టమొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టి ఎడమ చెవి కింద నురగ బ్రష్షు ఆనించాడో లేదో, పిల్లాడు చక్కిలిగింతలతో మెలికలు తిరిగిపోయి నీళ్ళగిన్నెను తన్నాడు. అద్దం మూల అప్పుడు పడిన పగులు ఇప్పటికీ అలాగే ఉంది. అప్పట్నుంచీ అతను ట్రిమ్మరుతో సరిపెట్టుకుంటున్నాడు. వీధిలోకెల్లా మంచి పనివాడి కొడుకు చెంపలు ఎప్పుడూ గరుకే.

"ఒప్పుకున్నాను" అంది కోడలు. "ఏమండీ, వచ్చి కూర్చోండి."

భర్త నవ్వుతూ వచ్చాడు. కూర్చున్నాక, గుడ్డ మెడకు బిగిశాక, అతని నవ్వు కొంచెం తగ్గింది.

వేడి తువ్వాలు మొహం మీద పరిచింది. తీశాక చెంపలు ఎర్రగా, మెత్తగా అయ్యాయి. నురగ పట్టించింది. సబ్బు వాసన షాపంతా కమ్ముకుంది. ఆ వాసనంటే ఆమెకు ప్రాణం. "నురగ కింద ఉన్నంతసేపు మాట్లాడకూడదు. పెదవి కూడా కదలకూడదు" అంది. ఎడమచేత్తో చర్మం లాగిపట్టి, కత్తిని పడుకోబెట్టినట్టు పట్టుకుని, కుడి చెంప మీద మొదలుపెట్టింది. సర్రుమని సన్నటి చప్పుడు. నురగ పోయిన దారిలో కొత్త చర్మం బయటపడుతోంది. ఇన్నేళ్ళ గరుకు వెనక ఇంత ముద్దొచ్చే చెంప ఉందా అని ఆమెకు నవ్వొచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది. కుడి చెంప అయింది. గడ్డం, పై పెదవి అయ్యాయి. బెంచీ మీద పేపరు మెల్లమెల్లగా కిందికి దిగింది.

ఎడమ వైపుకొచ్చి చెవి కింద వేళ్ళు ఆనించింది.

గుడ్డ కింద భర్త పొట్ట ఎగిరింది. ముక్కులోంచి కిసుక్కుమని ఒక చప్పుడొచ్చింది, ఆ తర్వాత మనిషంతా ఊగిపోయాడు. కత్తి అప్పటికే గాల్లోకి లేచింది. ఆమె చూపు వేళ్ళ మీదే ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో.

"అయిపోయింది!" అని పెదమావయ్య తొడ చరిచాడు.

మళ్ళీ ఆనించింది. మళ్ళీ ఊగాడు. "సారీ, సారీ" అంటూ కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు పాపం.

మామగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కడ వదిలెయ్యమ్మా. చెవి కిందెవరు చూడొచ్చారు? మిగతాదంతా అద్దంలా వచ్చింది. నేను చెప్తాగా మా అన్నయ్యకి."

ఆయన మంచితనానికి ఆమె మనసు కరిగింది. కానీ పట్టు కరగలేదు. "వద్దు మావయ్యా. ముప్పాతిక గడ్డం గీసి మనిషిని లేపే షాపైతే అద్దెకే ఇచ్చుకోండి."

ఆ చెవి కింది జాగా ఆమెకు కొత్తేం కాదు. ఇంట్లో, తలుపు వేసి ఉన్న గదిలో, దాన్ని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. ముట్టుకుంటే చాలు, మంచం మీంచి కిందపడేదాకా నవ్వేవాడు. ఒక్కసారి మాత్రం నవ్వలేదు. ఆమె చేతిని తన చేత్తో కప్పి, తనే అక్కడికి తీసుకెళ్ళి ఆనించుకున్నప్పుడు. తన చెయ్యి తనకెక్కడన్నా చక్కిలిగింత పెడుతుందా! ఆమె చెయ్యి మీద తన చెయ్యి ఉంటే ఆ ఒంటికి రెండూ సొంతవే. ఆ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. గదిలోంచి దాన్ని బయటికి తేవాలంటే ఆమె చెవులు వేడెక్కాయి.

తెచ్చింది.

"చెయ్యివ్వండి" అంది.

భర్తకు వెంటనే అర్థమైంది. నురగ కింద కూడా మొహం ఎర్రబడింది. "ఇక్కడా?"

"ఇక్కడే."

"నాన్న ఉన్నారు..."

"ఉండనీ. చూసేవాళ్ళు చూడనీ. నువ్వు నా చెయ్యి పట్టుకో."

నలుగురిలో మొగుణ్ణి 'నువ్వు' అన్నానని కూడా ఆమె గమనించలేదు. గుడ్డ కిందినుంచి అతని చెయ్యి పైకొచ్చింది. చర్మం లాగిపట్టిన ఆమె ఎడమచేతిని ఆ అరచెయ్యి మొత్తంగా కప్పేసింది.

పెదమావయ్య అదిరిపడ్డాడు. "ఛీ ఛీ! నడిబజార్లో, పెద్దవాళ్ళ ముందు, చేతులు పట్టుకోవడాలేంటి! సిగ్గులేదూ?"

"ఉంది పెదమావయ్యా. పనయ్యాక పడతాను. ఇప్పుడు చేతులు ఖాళీ లేవు."

పోస్టుమాన్ మర్యాదగా తల తిప్పుకున్నాడు, మళ్ళీ ఆగలేక ఇటే తిప్పుకున్నాడు. మామగారు మాత్రం కోడలి వేళ్ళనే చూస్తున్నాడు. కత్తి చెవి కిందికి దిగింది. ఒక్క గీత. పొట్ట ఎగరలేదు. ఇంకో గీత. భర్త కళ్ళు మూసుకుని, తెల్లారిన తర్వాత నిద్రపోతున్నంత హాయిగా పడుకున్నాడు. సర్రు... సర్రు... మెడ దాకా వెళ్ళి కత్తి ఆగింది. పటిక రుద్ది, చల్లటి గుడ్డతో తుడిచింది. చుక్క రక్తం లేదు.

మామగారు ఎడమచేత్తో డబ్బాలోంచి దూది పింజె తీశాడు. దూది రుద్దితే చిన్న పోగు చెంపకు చిక్కినా గడ్డం గీసినట్టు కాదు, ఆ షాపు పద్ధతది. కుడి చెంప మీద దూది జారింది. గడ్డం మీద జారింది. ఎడమ చెవి కింద రెండుసార్లు అటూ ఇటూ నడిపి, పింజెను వెలుతురుకి ఎత్తి చూశాడు. ఒక్క పోగూ ఊడలేదు. నున్నబడ్డ కొడుకు చెంపను మొదటిసారి తన వేళ్ళతో నిమిరాడు. మళ్ళీ నిమిరాడు.

"ఆఁ, ఇంట్లోవాడి గడ్డం ఎవరైనా గీస్తారు" అన్నాడు పెదమావయ్య.

"వాణ్ణే గీయమని షరతు పెట్టింది తమరేగా!" బెంచీ గయ్యిమంది.

కోడలు గుడ్డ దులిపి కుర్చీని ఆయనవైపు తిప్పింది. "పోనీ మీరు కూర్చోండి. లేకపోతే మీక్కూడా చక్కిలిగింతలా?"

"నాకా? చక్కిలిగింతలా?" ఆయన రోషంగా వచ్చి కూర్చున్నాడు.

తువ్వాలు, నురగ, కత్తి. ఆయన కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. ఎడమ చెవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెప్పుల్లో కాలివేళ్ళు ముడుచుకున్నాయి. ఆమె చూసింది. వంశంలోనే ఉందన్నమాట! చప్పుడు చేయకుండా ఎడమచేతిని కొంచెం పైకెత్తి చూపించింది. కాసేపు ఆయన బింకంగానే ఉన్నాడు. తర్వాత గుడ్డ కిందినుంచి పెద్దరికం నిండిన చెయ్యొకటి మెల్లగా పైకొచ్చి దాన్ని పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఫోన్లు బాగుచేసే అతను నిలబడ్డాడు. "షాపు చూసుకోమని పెద్దాయన రమ్మన్నారండీ. ఎక్కడున్నారు?"

అద్దంలో పెదమావయ్య కళ్ళు గుండ్రంగా తిరిగాయి. కత్తి గొంతు మీద ఉంది.

"పెదవి కదలకూడదు పెదమావయ్యా" అంది కోడలు తియ్యగా.

మళ్ళీ స్టూలు మీద చేరిన మామగారు లేవకుండానే వచ్చినవాడి మొహం పరకాయించి చూశాడు. "చూశావుగా షాపు. ఇచ్చేది లేదు. నీ గడ్డం కూడా బాగా పెరిగింది నాయనా, ఆ బెంచీ మీద కూర్చో. మా కోడలు పిలుస్తుంది."

"వరసలో ముందు నేనున్నా!" అన్నాడు టైలరు.

"ఎవరన్నారు? పెద్దవారు ముందు కూర్చోండని ఇందాక చెప్పింది నువ్వు కాదూ?" అంటూ పోస్టుమాన్ చొక్కా కాలరు లోపలికి మడుచుకున్నాడు.