బదులు గడిలో గీత

డిపోలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. డ్రైవర్లకు, కండక్టర్లకు, గేటు దగ్గర వాచ్‌మన్‌కు, చివరికి మేనేజరుకు కూడా ఆమె చార్టమ్మే. రేపు ఏ బస్సు ఎవరు తోలాలి, ఏ బస్సులో టిక్కెట్లు ఎవరు కొట్టాలి అన్న చార్టు పదకొండేళ్ళుగా ఆమె చేతి మీదుగానే గోడెక్కుతోంది. తొంభై రెండు బస్సులు, రోజుకు రెండేసి షిఫ్టులు. ప్రతి పేరుకూ ఎదురుగా ఇంకో గడి ఉంటుంది. దాని పేరు ‘బదులు’. అసలు మనిషి రాకపోతే ఆ పని ఎవరు చేస్తారో అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే సెలవు లేదు. ఇది చార్టమ్మ పెట్టిన రూలు. ఆ దేవుడే దిగొచ్చి అడిగినా మినహాయింపు ఉండదు.

“మేడం, పంటి నొప్పండీ, ప్రాణం పోతోంది” అంటూ ఏ డ్రైవరైనా దవడ పట్టుకుని వస్తే ఆమె జాలిపడదు. డ్రాయరు లాగి ఓ నోటు పుస్తకం తీస్తుంది.

“ఏ పన్ను?”

“కింద కుడివైపు, చివరిదండీ.”

“దాన్ని మార్చిలో పీకించేశావు. రెండు రోజులు సెలవు కూడా ఇచ్చాను. మళ్ళీ మొలిచిందా?”

డ్రైవరు దవడ వదిలేస్తాడు. ఆ తర్వాత బుద్ధిగా వెళ్ళి బస్సెక్కుతాడు.

ఇంత గడుసు మనిషి ఇంటి గుమ్మం దాటేసరికి ఏమైపోతుందో మరి! ఏడాదికి ఆమెకు పద్దెనిమిది సెలవులు. ఈ ఏడాది అవి ఎటు పోయాయో అడగండి, చెబుతాను. ఇంటాయన నడుం పట్టేసిందని మూడు. నడుం ఎందుకు పట్టేసిందంటే, మహానుభావుడు సోఫా కింద పడ్డ టీవీ రిమోట్ కోసం వంగాడు. అత్తగారి మోకాళ్ళకు ఆరు. కూతురి జ్వరానికి నాలుగు, కూతురి స్కూల్లో ‘తల్లిదండ్రుల’ సమావేశాలకు రెండు. తల్లిదండ్రులు అన్నారు కదా అని ఆయన కూడా వెళ్ళాలనుకునేరు, ఆయన ఆశీస్సులు పంపిస్తాడు. మళ్ళీ ఇంటాయనకే జలుబు చేసి, అది ఇంకేదో అయ్యుంటుందని ఆయనకు భయం పట్టుకుని, రెండు. వెరసి పదిహేడు. మిగిలింది ఒక్కటంటే ఒక్కటి.

ఆ ఒక్కటీ ఎందుకు కావాలో కూడా చెప్పాలి. ఎనిమిది నెలల కింద డిపో డాక్టరు చార్టమ్మ గొంతు తడిమి చూసి, బఠానీ గింజంత గడ్డ ఉందన్నాడు. “ఏమీ కాకపోవచ్చు. కానీ సూదితో కాస్త తీసి పరీక్ష చేయించాలి. పదిహేను రోజుల్లో చేయించుకోండి” అని కాగితం రాసిచ్చాడు. ఖర్చంతా డిపోదే. ఆమె మూడుసార్లు ఆస్పత్రిలో తేదీ తీసుకుంది. ఒకసారి ఆ తేదీని మోకాళ్ళు పట్టుకుపోయాయి, ఒకసారి జ్వరం, ఒకసారి రిమోట్. ఇప్పుడు ఆ మంజూరు కాగితం ఈ నెలాఖరుతో చెల్లిపోతుంది. ఆస్పత్రివాళ్ళు నాలుగోసారి ఇంకో తేదీ ఇచ్చారు, ఈ గురువారం ఉదయం పది గంటలకు. అది దాటితే సొంత డబ్బు పెట్టుకోవాలి. సొంత డబ్బు అనేదాన్ని ఆమె చూసి చాలా కాలమైంది. ఆమె జీతం వచ్చీ రాగానే ఇంటద్దె, స్కూలు ఫీజు, అత్తగారి మందులు వరసగా నిలబడి పంచుకుపోతాయి. ఒక్క రోజు జీతం కోత పడిందా, మందుల్లో చివరి వారం గల్లంతే.

రాత్రుళ్ళు వేళ్ళు వాటంతట అవే ఆ బఠానీ దగ్గరికి పోతున్నాయి. భయంగా ఉంది. ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు గానీ, భయంగానే ఉంది.

అందుకని ఆదివారం పొద్దున్న ఆమె తనకు బాగా తెలిసిన పని చేసింది. డిపో నుంచి తెచ్చిన తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గళ్ళు గీసింది. ‘ఈ వారం అనారోగ్యాల చార్టు’ అని పైన రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఎవరికి ఏ జబ్బు రావాలనుందో, ఏ రోజు రావాలనుందో సాయంత్రంలోగా నింపాలి. గురువారం మాత్రం ఎవ్వరికీ ఏమీ రాకూడదు.

“ఇదేం చోద్యం! జబ్బులు చెప్పి వస్తాయా?” అన్నారు అత్తగారు.

“డిపోలో నూట ఎనభై మంది డ్రైవర్లకి చెప్పే వస్తున్నాయి అత్తయ్యా. మనింట్లో ముగ్గురికి రాలేవా?”

సాయంత్రానికి ముగ్గురూ నింపారు. కళ్ళజోడు సవరించుకుని చదివింది.

ఇంటాయన: జలుబు (తీవ్రం). బుధ, గురు, శుక్ర. బదులు: నువ్వు.

అత్తగారు: మోకాళ్ళు. ఎల్లప్పుడూ. బదులు: కోడలు.

కూతురు: కడుపునొప్పి. గురువారం మొదటి రెండు పీరియడ్లు. బదులు: అమ్మ.

“గురువారం మొదటి రెండు పీరియడ్లు ఏముందే?” అని అడిగింది.

“లెక్కల పరీక్ష” అంది కూతురు, ఫ్రిజ్ వైపు చూస్తూ.

“కడుపునొప్పి శనివారానికి మార్చాను. ఏమండీ, మీ జలుబు కూడా గురువారం కుదరదు. బుధవారంతో ముగించండి.”

“నా జలుబు నీ మాట వింటుందా ఏమిటి?” అని ఒంటికాలి మీద లేచాడు ఆయన.

“మీరు చెప్పి చూడండి. మీ మాటైనా వింటుందేమో.”

ఎర్ర పెన్నుతో దిద్దాల్సినవన్నీ దిద్ది, చివరి వరసలో తన పేరు రాసుకుంది. జబ్బు గడిలో ‘గొంతుకు సూది పరీక్ష’ అని, తేదీ గడిలో ‘గురువారం’ అని రాసింది. బదులు గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ముగ్గురి పేర్లూ మనసులో ఒక్కొక్కటే పెట్టి చూసింది. ఏదీ అతకలేదు. ఓ చిన్న గీత గీసి ఊరుకుంది.

ఇంటాయన దగ్గరికొచ్చి తొంగి చూశాడు. “ఈ సూది పరీక్ష ఎవరికి?”

“నాకే. అప్పుడెప్పుడో చెప్పాను కదండీ, గొంతులో గడ్డ అని.”

“ఆఁ ఆఁ, చెప్పావు చెప్పావు. నీకేమవుతుందోయ్, గుండ్రాయిలా ఉంటేనూ!” అన్నాడు. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే. ఆ మాట అనేసి, జలుబు బుధవారంతో ముగించాలన్న బెంగతో వెళ్ళి పడుకున్నాడు.

బుధవారం డిపోలో మేనేజరు ఆమె సెలవు చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. మంచివాడే గానీ, చార్టమ్మ లేని రోజంటే ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడవు.

“రేపు సెలవంటే ఎలా అమ్మా? చార్టు ఎవరు చూస్తారు? నీకు బదులెవరు?”

ఆమె గోడ మీది చార్టు వైపు చూసింది. అందరి పేర్లూ అయ్యాక, అట్టడుగున సన్నటి అక్షరాలతో ‘చార్టు గుమస్తా’ అని ఉంది. ఎదురుగా బదులు గడిలో గీత. పదకొండేళ్ళుగా ప్రతి రోజూ ఆ గీతను ఆమే గీస్తోంది. తొంభై రెండు బస్సులకు బదులు వెతికిన మనిషికి తన గడి ఒకటుందని ఒక్కనాడూ తట్టలేదు. ఎవరిని తిట్టుకోవాలో తెలియక తన చేతినే కాసేపు చూసుకుంది.

“పదిహేడు సార్లు చూసీ చూడనట్టు పోయాను. బదులు లేకపోతే సెలవు లేదు. నీ రూలే కదమ్మా” అన్నాడు మేనేజరు, కాస్త సంతోషంగానే.

ఆమె పెన్ను తీసి, గీత కొట్టేసి, ఆ గడిలో ఆయన పేరే రాసింది.

“అదేంటమ్మా! నా పేరెందుకు? కొట్టెయ్, కొట్టెయ్!”

“చార్టు మీద పడ్డ పేరు కొట్టాలంటే నా సంతకం కావాలి సార్. రేపు నేను సెలవు” అని సంచి భుజాన వేసుకుని బయటపడింది. గేటు దగ్గర ఇద్దరు డ్రైవర్లు పగలబడి నవ్వుతున్నారు. చాలా రోజుల తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది.

గురువారం ఉదయం వంట చేసి, ఇద్దరికీ డబ్బాలు కట్టి, అత్తగారి మాత్రలు పొద్దుటివీ మధ్యాహ్నానివీ వేరువేరు గిన్నెల్లో పెట్టి, కూతురి జడ వేసి, ఇంటాయన చొక్కా ఇస్త్రీ చేసింది. సెలవు రోజు కదా, తీరిక దొరికింది. ఆయన ఒకే ఒక్కసారి తుమ్మి, ఆమె మొహం చూసి రెండో తుమ్ము ఆపేసుకున్నాడు. ఎవరికీ ఏ జబ్బూ రాలేదు. తన చార్టు ఇంట్లో కూడా పనిచేసిందని గర్వంగా అనిపించింది. గుమ్మం దాటుతుండగా అత్తగారు పిలిచారు.

“అమ్మాయ్, జాగ్రత్తగా వెళ్ళిరా. వచ్చేటప్పుడు ఆ మోకాలి తైలం పట్టుకురా.”

ఆస్పత్రిలో తొమ్మిదిన్నరకే వరసలో నిలబడింది. కౌంటరు దగ్గరున్న అమ్మాయి కాగితం తీసుకుని, ముద్ర వేయబోయి ఆగింది.

“మీ తోడు ఎవరొచ్చారండీ?”

“ఎవరూ రాలేదమ్మా. నేనే వచ్చాను.”

“తోడు లేకుండా సూది వేయరండీ. ఇక్కడ వాళ్ళ సంతకం కావాలి. కాగితం మీద నాలుగో లైను చదవలేదా?”

చదవలేదు. డ్రైవర్ల చీటీలను భూతద్దం పెట్టి చదివే మనిషి, తన కాగితం తాను చదువుకోలేదు.

“పోనీ ఇంకో తేదీ ఇవ్వనా? వచ్చే నెల పద్నాలుగు ఖాళీగా ఉంది.”

“వద్దు. పది నిమిషాలు ఆగమ్మా” అని ఫోను తీసింది.

“ఇప్పుడా?” అన్నాడు ఇంటాయన ఆఫీసు నుంచి. “ముందే చెప్పొద్దూ! ఇక్కడ నా సీట్లో కూర్చోవడానికి బదులు మనిషి లేడోయ్. ఉన్నట్టుండి ఎలా రాను? ఇంకో రోజు పెట్టుకోకూడదూ?”

బదులు మనిషి లేడట! ఆ మాట తన దగ్గరే నేర్చుకున్నాడు. ఇంటికి చేసింది.

“అయ్యో, నేనొచ్చేదాన్నే తల్లీ” అన్నారు అత్తగారు. ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. “కానీ ఈ మోకాళ్ళతో ఒక్కదాన్నే ఎలా రాగలను? నన్ను తీసుకెళ్ళడానికి నువ్వు రావాలి కదా.”

కూతురు లెక్కల పరీక్షలో ఉంది. కూర్చోబెట్టింది తనే. డిపోలో అడిగితే కాదనే డ్రైవరు లేడు. కానీ వాళ్ళంతా ఇప్పుడు రోడ్ల మీద ఉన్నారు. ఎక్కించింది తనే. మేనేజరు తన కుర్చీలో ఉన్నాడు. అక్కడ పెట్టిందీ తనే.

ఫోను ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరి మీదో తెలియని కోపం గొంతు దాకా వచ్చి, సరిగ్గా ఆ బఠానీ దగ్గర ఆగింది. ఎన్ని ఆస్పత్రుల్లో, ఎన్ని కాగితాల మీద, ఎంతమందికి తోడుగా సంతకం పెట్టి ఉంటుంది! మామగారు పోయేముందు పదకొండు రోజులు బయట బల్ల మీద కూర్చున్నది తనే. ఒక్కళ్ళకు, ఒక్కళ్ళకంటే ఒక్కళ్ళకు ఈ పూట తనతో రావాలని తోచలేదు. తనకు మాత్రం తోచిందా? రమ్మని ముందుగా ఒక్కరినైనా అడిగిందా? అడగలేదు. అక్కడ కూడా గీత గీసేసింది.

కొంగుతో మొహం తుడుచుకుంది. డిపోలో అసలు మనిషీ రాక, బదులు మనిషీ రాక, బస్సు మాత్రం కదలాల్సిన రోజులుంటాయి. అలాంటి రోజున ఏం చేయాలో ఆమెకు బాగా తెలుసు. ఉన్న మనిషి చేతే డబుల్ డ్యూటీ చేయించాలి.

కాగితం తీసుకుని నింపడం మొదలుపెట్టింది. రోగి పేరు దగ్గర తన అసలు పేరు రాసింది. రాసి ఎన్నాళ్ళయిందో, చేతికి కొత్తగా అనిపించింది. తోడు వచ్చినవారి పేరు దగ్గర, ‘చార్టమ్మ’ అని రాసింది. వృత్తి దగ్గర, బదులు మనుషులను ఏర్పాటు చేయడం. రోగితో సంబంధం అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించింది. అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు. ‘ఈ మధ్యనే పరిచయం’ అని రాసి, డిపో చార్టు కింద పెట్టే గట్టి సంతకం పెట్టింది.

కౌంటరు అమ్మాయి పైపైన చూసింది. “ఆవిడేరీ? వచ్చారా?”

“ఆఁ, వచ్చింది. ఇక్కడే ఉంది.”

“మరి ఇందాక లేరన్నారు?”

“ఉందమ్మా. నేనే చూసుకోలేదు.”

వరసలో ఆమె వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు. కౌంటరు అమ్మాయి టప్పున ముద్ర వేసి కాగితం చేతిలో పెట్టింది. లోపలి తలుపు తెరుచుకుని ఓ నర్సు ఆమె అసలు పేరు పిలిచింది. ఆ పేరు ఎవరిదో అర్థం కావడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది.

“రండమ్మా లోపలికి. మీతో వచ్చినవాళ్ళు బయటే కూర్చోవాలి” అంది నర్సు.

ఆమె లేచి, తన సంచిని ఆ కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టింది. సంచిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆ మోతను బట్టే తెలుసు, ఇంటి నుంచే. మాత్రల గిన్నె కనబడలేదో, పొయ్యి వెలగడం లేదో. అలవాటుగా చెయ్యి సంచి దాకా వెళ్ళింది.

“చార్టమ్మ బయటే ఉందిగా, చూసుకుంటుందిలే” అనుకుని లోపలికి నడిచింది.